పై అంతస్తుకు సబ్ డీబీ పెడితే కేసవుతుందా?

ప్రశ్న: మాది కావలి. మామగారి పేరున ఉన్న మీటరుతోనే కింద మేముంటున్నాం. ఆయన పోయి ఏళ్లవుతోంది. ఇప్పుడు పైన ఇల్లు కట్టాం, మరిది కుటుంబం దిగబోతోంది. వంటిల్లు కూడా వాళ్లకు వేరే. కింద డీబీలో (గదులకు కరెంటు పంచే స్విచ్చుల బాక్సు) ఖాళీ లేదని, పైకి లైను లాగి సబ్ డీబీ పెడితే చాలని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. రెండు ఏసీలు, ఒక గీజరు వస్తాయి. ముందు గదిలో టైలరింగ్ షాపు పెడతానని తోడికోడలు అంటోంది. విజిలెన్స్ వాళ్లు వస్తే కేసు రాస్తారని పక్కింటివాళ్లు చెబుతుంటే టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఇంట్లో ఇంకో డీబీ పెట్టుకోవడం నేరం కాదు. ఆ బాక్సు మీదికి ఎంత లోడు వస్తోంది, ఎవరు వాడుతున్నారు, దేనికి వాడుతున్నారు అన్నదే కరెంటు ఆఫీసు వాళ్లు చూస్తారు. మీకు ఆ మూడింట్లోనూ పని పడింది.

ముందు బిల్లు తీసి కాంట్రాక్టెడ్ లోడు, అంటే మీ మీటరుకు మంజూరైన లోడు ఎంతో చూడండి. పాత ఇళ్లకు ఒకటో రెండో కిలోవాట్లే రాసి ఉంటుంది. టన్నున్నర ఏసీ ఒక్కటే ఒకటిన్నర కిలోవాట్ల దాకా లాగుతుంది, గీజరు రెండు. సబ్ డీబీతో సర్క్యూట్లు పెరుగుతాయి గానీ మంజూరైన లోడు పెరగదు. ఇప్పటి మీటర్లు గరిష్ఠ వాడకాన్ని కూడా రికార్డు చేస్తాయి కాబట్టి దాచినా దాగదు. మంజూరైన దానికి మించి వాడితే అది 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వాడకమేనని సీతారాం రైస్ మిల్ కేసులో సుప్రీంకోర్టు 2011లో తేల్చింది. ఇది 135వ సెక్షన్ చెప్పే కరెంటు దొంగతనం కాదు, జైలు మాట లేదు. అయితే టారిఫ్‌కు రెట్టింపు లెక్కగడతారు. ఎప్పటినుంచి వాడుతున్నారో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకు వేస్తారు.

ఇక్కడ అసలు కీలకం మీ పై వంటిల్లు. మన రాష్ట్ర విద్యుత్ సరఫరా షరతుల ప్రకారం వేరే వంటగది ఉన్న కుటుంబం వేరే యూనిట్ కిందికి వస్తుంది, దానికి వేరే సర్వీసు ఇస్తారు. అందుకే సబ్ డీబీ ఖర్చుకు ముందు మరిది పేరున కొత్త మీటరుకు దరఖాస్తు పెట్టించండి. డబ్బు పరంగానూ అదే లాభం. రెండు కుటుంబాల వాడకం ఒకే మీటరు మీద పడితే పై స్లాబుల్లోకి పోతారు. నెలకు 400 యూనిట్లు దాటితే ఆపై యూనిట్‌కు 9.75 రూపాయలు. అదేమైనా చిన్న తేడానా? పైన సొంత డీబీ ఎలాగూ వస్తుంది, కాకపోతే వాళ్ల సొంత మీటరుకు కలిపి వస్తుంది.

టైలరింగ్ సంగతి. ఇంట్లో వాళ్ల బట్టలు కుట్టుకుంటే ఎవరూ అడగరు. బోర్డు కట్టి, నలుగురి బట్టలు తీసుకుని కుడితే అది వ్యాపారం. దానికి ఇంటి కరెంటు వాడితే మళ్లీ అదే 126వ సెక్షన్. ఆ గదికి కమర్షియల్ సర్వీసు తీసుకోమనండి.

మామగారి పేరున ఉంది కాబట్టి మనకేం కాదనుకోకండి. ఇల్లు ఎవరి స్వాధీనంలో ఉంటే వాళ్లకే నోటీసు ఇవ్వొచ్చని సెక్షన్‌లోనే ఉంది. మరణ ధ్రువీకరణ పత్రం, వారసుల అంగీకారంతో పేరు మార్పించుకోండి. అదనపు లోడు దరఖాస్తుకూ అదే దారి సుగమం చేస్తుంది.

పనిని లైసెన్సున్న కాంట్రాక్టరుతోనే చేయించండి. పని పూర్తయ్యాక ఆయన సంతకంతో టెస్ట్ రిపోర్టు తీసుకోండి. తెలిసినవాడు చవకగా చేస్తాడని ఆ కాగితం వదిలేస్తే, రేపు మంటలు లేచి పక్కింటికి నష్టమైతే మీ వైపు చూపించడానికి ఏమీ ఉండదు.

ఈలోపు తనిఖీకి వస్తే గొడవపడకండి. రాసిన కాగితం నకలు అడిగి తీసుకోండి, చదవకుండా సంతకం వద్దు. తాత్కాలిక ఉత్తర్వు వచ్చాక అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వొచ్చు. తుది ఉత్తర్వు నచ్చకపోతే 30 రోజుల్లో 127వ సెక్షన్ కింద అప్పీలు వేయొచ్చు, మీ మీద లెక్కగట్టిన మొత్తంలో సగం ముందు కట్టాలి. వినియోగదారుల కమిషన్‌కు మాత్రం పరుగెత్తకండి. 126 ఉత్తర్వులు దాని పరిధిలోకి రావని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది.