పాత విండోస్‌ను మార్చాలా, ఉన్నది ఉంచాలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే చోట ఆగుతున్నాయి. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు ఆపేసింది కదా, అప్పటినుంచి ఇంట్లో, షాపులో ఉన్న పాత సిస్టమ్‌ను ఏం చేయాలన్నదే అందరి ప్రశ్న. నాలుగు ఉత్తరాలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను. మొదటిదానికి ఎక్కువ చోటు ఇచ్చాను, ఎందుకంటే ఈ ఊళ్లో అలాంటి షాపులు గల్లీకొకటి ఉన్నాయి.

ప్రశ్న: చిక్కడపల్లిలో పదిహేనేళ్లుగా డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, అప్పుడప్పుడు కవితా సంపుటాలు చేస్తాను. విండోస్ 7, పేజీలు కూర్చడానికి పేజ్‌మేకర్ 7, తెలుగుకు అను ఫాంట్లు. ప్రాసెసర్ ఐ3 నాలుగో జనరేషన్, 4 జీబీ ర్యామ్. పని బాగానే నడుస్తోంది కానీ వాట్సాప్ వెబ్ తెరవబోతే బ్రౌజర్ అప్‌డేట్ చేసుకోమంటోంది, ఆ అప్‌డేటేమో విండోస్ 7కు రాదంటోంది. సర్వీసు కుర్రాడు విండోస్ 11 వేసేస్తా అంటున్నాడు. పెళ్లిళ్ల సీజన్ ముందుంది, టెన్షన్‌గా ఉంది. వేయించమంటారా?
– డీటీపీ ఆపరేటర్, చిక్కడపల్లి

జవాబు: వద్దు, అన్నా. సీజన్ ముందు అసలే వద్దు. విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ పెట్టిన లెక్క ప్రకారం ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో జనరేషన్, ఆపైన ఉండాలి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి. మీది నాలుగో జనరేషన్. ఆ కుర్రాడు వేస్తానన్నాడంటే ఆ తనిఖీని తప్పించి వేస్తాడన్నమాట. తెల్లారి మీ పేజ్‌మేకర్ తెరుచుకోకపోతే, ముహూర్తం దగ్గర పడిన పెళ్లివాళ్లకు జవాబు చెప్పుకోవాల్సింది మీరు.

అలాగని ఇప్పుడున్నట్టే ఉంచేయమని కూడా చెప్పను. విండోస్ 7కు అప్‌డేట్లు 2020 జనవరి 14నే ఆగిపోయాయి. క్రోమ్ కూడా దానికి 109వ వెర్షన్‌తో, అంటే 2023 మొదట్లోనే, చేతులెత్తేసింది. ఆ తర్వాత బయటపడిన లోపాలన్నీ మీ సిస్టమ్‌లో తెరిచిన తలుపుల్లా అలాగే ఉన్నాయి. పైగా ముక్కూమొహం తెలియనివాళ్ల పెన్‌డ్రైవ్‌లు, వాట్సాప్‌లో వచ్చే జిప్ ఫైళ్లు రోజంతా తెరవడమే మీ వృత్తి. 2017 మే నెలలో వచ్చిన వాన్నక్రై, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన ఆ వైరస్, గుర్తుందా? ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా అప్పుడు దాని బారిన పడ్డాయి. దాన్ని ఆపే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే, రెండు నెలల ముందే ఇచ్చింది. వేసుకోనివాళ్లు దొరికిపోయారు. మీకిప్పుడు వేసుకుందామన్నా అప్‌డేట్ లేదు.

కాబట్టి నేనైతే అచ్చు పనినీ నెట్ పనినీ విడదీస్తాను. పేజ్‌మేకర్ ఉన్న సిస్టమ్‌కు నెట్ కేబుల్ పీకేయండి, వైఫై డాంగిల్ ఉంటే అదీ తీసేయండి. ఇక అది అచ్చు పనికి మాత్రమే. వాట్సాప్‌కు, మెయిల్‌కు సెకండ్‌హ్యాండ్‌లో ఎనిమిదో జనరేషన్ డెస్క్‌టాప్ ఒకటి చూసుకోండి. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర సీటీసీలో నాలుగు షాపులు తిరిగితే దొరుకుతుంది. అక్కడ ఒకటి గుర్తుపెట్టుకోండి: ‘ఐ7 అన్నా, సూపర్ సిస్టమ్’ అంటే పొంగిపోకండి, గీత తర్వాత అంకె చూడండి. ఐ7-4770 అంటే నాలుగో జనరేషనే, దానికీ విండోస్ 11 ఎక్కదు. ఐ3-8100 అంటే ఎనిమిదోది, దానికి ఎక్కుతుంది.

రెండు సిస్టమ్‌లకూ కేబుల్ కలిపి ఫోల్డర్ షేర్ చేస్తే తేలిక కదా అంటారు. అలా చేయొద్దు. వాన్నక్రై ఒక సిస్టమ్ నుంచి పక్క సిస్టమ్‌కు పాకింది ఫైల్ షేరింగ్ దారిలోనే. ఒక పెన్‌డ్రైవ్‌ను ఈ పనికే కేటాయించండి, కొత్త సిస్టమ్‌లో స్కాన్ చేశాకే పాతదానికి పెట్టండి, కస్టమర్ల పెన్‌డ్రైవ్ మాత్రం పాతదాని జోలికి రాకూడదు. రోజుకు పదిసార్లు అటూ ఇటూ లేవాలి, విసుగే, కానీ షాపు నిలుస్తుంది.

పేజ్‌మేకర్‌నే కొత్త సిస్టమ్‌లోకి తీసుకెళ్లలేమా అని తర్వాతి ఉత్తరంలో అడుగుతారని తెలుసు. ప్రయత్నించవచ్చు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, 2004లో అడోబీ దాని అభివృద్ధి ఆపేసింది, అయినా అది 32 బిట్ ప్రోగ్రామ్ కాబట్టి విండోస్ 11లో నడిచే అవకాశం ఉంది. ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేయండి, ప్రాపర్టీస్‌లోని కంపాటిబిలిటీలో విండోస్ ఎక్స్‌పీ పెట్టి చూడండి. అను ఫాంట్లతో టైప్ చేయించే స్క్రిప్ట్ మేనేజర్‌కు యూఎస్‌బీ లాక్ (అది తగిలిస్తేనే ప్రోగ్రామ్ నడుస్తుంది) ఉంటే దాని డ్రైవర్ కొత్త విండోస్‌కు దొరుకుతుందో లేదో ముందే చూసుకోవాలి. ప్రింటర్ పోర్టుకు తగిలించే పాతకాలపు లాకైతే కొత్త సిస్టమ్‌కు ఆ పోర్టే ఉండకపోవచ్చు.

తెరుచుకుంది కదా అని మురిసిపోవద్దు, ఒక పాత శుభలేఖ తీసి పరీక్ష పెట్టండి. ‘చి.ల.సౌ. లక్ష్మి’లో క్ష్మి విరగకుండా వస్తోందా, ‘స్త్రీ’లో రెండు వొత్తులూ కలుస్తున్నాయా, ‘జ్ఞ’ ఉందా మాయమైందా చూసి, తర్వాత మీ ప్రింటర్ మీద ఒక కాపీ తీయండి. ఎందుకింత పట్టుదల అంటే, అను ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే ఏ సిస్టమ్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే ఉమ్మడి పద్ధతి కాదు. లోపల దాచుకున్నది అసలు తెలుగే కాదు, ఇంగ్లీషు, యూరప్ భాషల అక్షరాల గళ్లలో మన గుణింతాల ముక్కలు కూర్చోబెట్టారు. ఫాంట్ ఉన్నంతసేపూ తెలుగు. ఫాంట్ లేని సిస్టమ్‌లో అదే వాక్యం నెత్తిన టోపీలు పెట్టుకున్న ‘ఎ’లు, చుక్కలున్న ‘ఓ’లు, డాలరు గుర్తులు, పౌండు గుర్తులుగా కనిపిస్తుంది. మీరు పంపిన మ్యాటర్ చూసి ‘వైరస్ వచ్చిందా సార్’ అని కస్టమర్ అడిగిన సందర్భం మీకూ ఉండే ఉంటుంది.

అందుకే పూర్తయిన ప్రతి పనికీ ఇవాళ్టినుంచి ఒక పీడీఎఫ్ తీసి పెట్టండి. కవుల పుస్తకాలైతే మ్యాటర్‌ను యూనికోడ్‌లోకి మార్చి మరో కాపీ దాచండి. పేజ్‌మేకర్ ఫైళ్లను (పీఎండీ) తెరవగల ఇన్‌డిజైన్, అంటే పేజ్‌మేకర్ తర్వాత అడోబీ తెచ్చిన ప్రోగ్రామ్, సీఎస్6 వెర్షన్‌తోనే ఆఖరు, ఆ తర్వాతి ఇన్‌డిజైన్‌లు వాటిని తెరవవు. పదిహేనేళ్లలో మీ చేతి మీదుగా వెళ్లిన కవిత్వంలో ఎంతో కొంత మీ హార్డ్‌డిస్క్‌లో తప్ప ఇంకెక్కడా ఉండి ఉండదు. దాన్ని మీరే కాపాడాలి.

చివరగా, ఆ హార్డ్‌డిస్క్. విండోస్ కంటే ముందు పోయేది అదే. ఈ ఆదివారం షాపు మూశాక దాన్ని ఉన్నదున్నట్టు ఒక ఎస్ఎస్‌డీలోకి, అంటే హార్డ్‌డిస్క్ కంటే వేగమైన కొత్తరకం డిస్క్‌లోకి, క్లోన్ చేయించి, పాతదాన్ని పేరు రాసి బీరువాలో పెట్టండి. పేజ్‌మేకర్, ఫాంట్లు, సెట్టింగులు ఏవీ కదలవు, సిస్టమ్ వేగం కూడా పెరుగుతుంది.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్‌ని. 2018లో అబ్బాయి కొనిచ్చిన లాప్‌టాప్, విండోస్ 10, ఐ5-8250యూ. మనవలతో వీడియో కాల్, బ్యాంకు పని, కాస్త తెలుగు టైపింగ్, అంతే. ఈ పీసీ విండోస్ 11కు సరిపోదని స్క్రీన్ మీద వస్తోంది. షాపులో అడిగితే కొత్తది కొనుక్కోమన్నారు. నిజంగా పారేయాల్సిందేనా?
– వనస్థలిపురం

జవాబు: టీచర్ గారూ, మీ లాప్‌టాప్‌ను ఎవరికీ ఇచ్చేయకండి. 8250యూ ఎనిమిదో జనరేషన్, మైక్రోసాఫ్ట్ అనుమతించిన జాబితాలో ఉంది. సరిపోదని వస్తోందంటే ఎక్కువ సందర్భాల్లో టీపీఎం గానీ, సెక్యూర్ బూట్ అనే మరో రక్షణ గానీ బయోస్‌లో (విండోస్ మొదలవకముందు తెరిచే సెట్టింగుల పేజీలో) ఆపి ఉండటమే కారణం. మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఏది తక్కువైందో పేరు పెట్టి చెబుతుంది. టీపీఎం అని వస్తే, బయోస్‌లో పీటీటీ అన్న పేరుతో ఉండే స్విచ్‌ను ఆన్ చేస్తే సరిపోతుంది. అబ్బాయితో వీడియో కాల్‌లో ఉండి చేయించుకోండి. దానికి ముందు డిస్క్‌కు తాళం వేసే డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూసి, ఉంటే 48 అంకెల రికవరీ కీని ఒక కాగితం మీద రాసుకోండి. బయోస్‌లో చెయ్యి పెడితే సిస్టమ్ ఆ కీ అడగవచ్చు, అప్పుడు చేతిలో లేకపోతే చాలా కష్టం.

అంతదాకా కంగారు పడనక్కర్లేదు. విండోస్ 10కు మరో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లు, అంటే 2026 అక్టోబరు 13 దాకా, తీసుకునే ఏర్పాటు ఉంది, దాన్ని ఈఎస్‌యూ అంటారు. సిస్టమ్‌లో విండోస్ 10 22హెచ్2 వెర్షన్ ఉండాలి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టకుండానే ఇస్తారు. విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ అన్న లింకు కనిపిస్తుంది. ఇది ఊపిరి తీసుకునే గడువు మాత్రమే, ఈలోగా తీరిగ్గా 11కు వెళ్లండి. అదీ ఉచితమే. తెలుగు ఫోనెటిక్ కీబోర్డు 2019 నుంచి విండోస్‌లోనే వస్తోంది, 11లోనూ ఉంది, మీ టైపింగ్‌కు ఇబ్బంది లేదు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. అప్‌గ్రేడ్ అంటే మీ ఫైళ్లు, ప్రోగ్రాములు ఎక్కడివక్కడ ఉంచి పైన కొత్త విండోస్ వేయడం. ఫ్రెష్ ఇన్‌స్టలేషన్ అంటే తుడిచేసి వేయడం. షాపుల్లో రెండింటినీ ‘ఓఎస్ వేయడం’ అనే అంటారు. మా బాబాయి నాలుగేళ్లు ఊళ్లు తిరిగి, ముసలివాళ్లను కూర్చోబెట్టి అడిగి, మా వంశవృక్షం టైప్ చేసుకున్నాడు. లాప్‌టాప్ స్లో అయిందని ఒక షాపులో ఇస్తే, సి డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేస్తాం, డి డ్రైవ్ అలాగే ఉంటుంది అన్నారు. సాయంత్రం వెళ్లేసరికి మొత్తం ఒకే డ్రైవ్, ఖాళీగా. ఎప్పుడో ప్రింట్ తీసి రేషన్ కార్డు జిరాక్సుల మధ్య పెట్టుకున్న పదకొండు పేజీలే మిగిలాయి. ఆయనకు ఆ పేర్లు చెప్పినవాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు. ఆ పదకొండు పేజీలు నా దగ్గరే ఉన్నాయి, లాప్‌టాప్ షాపుకు ఇస్తున్నామని ఎవరు చెప్పినా నాకు అవే గుర్తొస్తాయి. మీ ఫొటోలు, కాగితాలు ముందు ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ డిస్క్‌ను ఇంట్లోనే ఉంచి, అప్పుడు మాత్రమే లాప్‌టాప్‌ను బయటికి పంపండి.

అప్‌గ్రేడ్ చేసే రోజు చార్జర్ తీయకండి, మొబైల్ హాట్‌స్పాట్‌తో చేయకండి, చాలా జీబీలు దిగుతాయి. చేశాక నచ్చకపోతే 10 రోజుల్లోపు వెనక్కి వెళ్లే వీలు సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. ఇంకొకటి, మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నాం, మీ విండోస్ గడువు అయిపోయింది అని ఎవరైనా ఫోన్ చేస్తే వెంటనే పెట్టేయండి. మైక్రోసాఫ్ట్ అలా ఎవరికీ ఫోన్ చేయదు.

ప్రశ్న: అన్నా, నాది ఐ5 ఆరో జనరేషన్ లాప్‌టాప్. ఫ్రెండ్ ఏదో టూల్‌తో విండోస్ 11 వేసి, ఇంకో టూల్‌తో యాక్టివేట్ చేశాడు. బాగానే నడుస్తోంది. ఉంచుకోవచ్చా?
– డిగ్రీ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: తమ్ముడూ, మొదటి టూల్ సంగతి వేరు, రెండోదాని సంగతి వేరు. సరిపోని సిస్టమ్‌లో 11 వేసుకుంటే అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. నెలవారీవి చాలామందికి వస్తున్నాయి కానీ ఏటా వచ్చే పెద్ద వెర్షన్‌కు మళ్లీ అదే తంతు చేతితో చేసుకోవాలి. అది నీ ఓపిక.

యాక్టివేటర్ మాత్రం నాకు భయం. దాన్ని రన్ చేయడానికి విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌ను ఆపమని అడిగి ఉంటుంది, అవునా? కాపలావాణ్ని ఇంటికి పంపించేసి, ఎవరు రాశారో తెలియని ప్రోగ్రామ్‌కు అడ్మినిస్ట్రేటర్ తాళం ఇచ్చావన్నమాట. అదే లాప్‌టాప్‌లో యూపీఐకి లింకైన బ్యాంకు పాస్‌వర్డ్ కొడుతున్నావేమో. అంతా తుడిచేసి మళ్లీ మొదలుపెట్టు, పాస్‌వర్డ్‌లన్నీ మార్చు. లాప్‌టాప్‌తో వచ్చిన విండోస్ 10 లైసెన్సు మదర్‌బోర్డులోనే ఉండి ఉంటుంది, అదే ఎడిషన్ వేస్తే దానంతటదే యాక్టివేట్ అవుతుంది, పైన టీచర్ గారికి చెప్పిన ఈఎస్‌యూ నీకూ పనికొస్తుంది. కోర్సు పైథాన్, జావా లాంటివైతే విండోస్‌కు బదులు లైనక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకో. ఉచితం, దొంగ కీ అవసరమే లేదు, ఆరో జనరేషన్ మీద హాయిగా నడుస్తుంది. ముందు పెన్‌డ్రైవ్ నుంచే బూట్ చేసి వైఫై, సౌండ్ పనిచేస్తున్నాయో చూసుకున్నాకే ఇన్‌స్టాల్ చెయ్యి.

ప్రశ్న: బొటిక్ బిల్లింగ్‌కు వాడే సిస్టమ్ చాలా స్లో. ర్యామ్ వేయించాలా, ఎస్ఎస్‌డీనా, కొత్త విండోసా?
– కూకట్‌పల్లి

జవాబు: స్లోగా ఉన్నప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుందమ్మా. డిస్క్ దగ్గర 100 శాతం కనిపిస్తూ, లోపల పాత హార్డ్‌డిస్క్ ఉంటే ఎస్ఎస్‌డీ. మెమరీ 90 దాటి ఉంటే ర్యామ్. కొత్త విండోస్ వేస్తే పాత సిస్టమ్ వేగం పెరగదు, దాన్ని వేరే కారణాలకు వేయించుకోవాలి. ఏది వేయించినా ముందు రోజు రాత్రి బిల్లింగ్ డేటా బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని హ్యాండ్‌బ్యాగులో వేసుకోండి.