గుట్టను చెక్కు, గోతి జోలికి పోకు

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. కొత్త స్పీకర్లలో బేస్ (లావు శబ్దం) దుబదుబలాడుతోందని, ఈక్యూ (ఏ స్వరం ఎంత పెద్దగా వినబడాలో సర్దే ఈక్వలైజర్) గీతలు ఎంత జరిపినా దారికి రావట్లేదని మొన్న వాపోయావు. ఫోన్‌లో చెబితే ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేస్తావని రాస్తున్నాను.

తప్పు స్పీకర్లది కాదురా, గదిది. మన ఇళ్లకి ఇటుక గోడలు, పైన స్లాబు, కింద టైల్సు. బేస్ బయటికి పోలేక గోడకీ గోడకీ మధ్య కొట్టుకుంటుంది. 565ని గది పొడవు అడుగులతో భాగించు. మీ హాలు 14 అడుగులు కదా, 40 వస్తుంది. ఆ 40 హెర్ట్జ్ (సెకనుకి 40 కంపనాలు) దగ్గర మీ హాలే మోగుతుంది. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ మీటితే 41. మిగతా స్వరాలన్నీ బుద్ధిగా ఉండి, అదొక్కటి వచ్చినప్పుడల్లా ఇల్లు ఊగుతోందంటే ఇదే కారణం.

ముందు స్పీకర్లను మూలల్లోంచి బయటికి లాగు. సోఫా గోడకి ఆనించి ఉంది, దాన్నీ అడుగున్నర ముందుకి జరుపు, మీ అమ్మ ఒప్పుకుంటే. (ఈ విషయంలో మీ అత్తయ్య దగ్గర నేను ఓడిపోయి ఇరవై ఏళ్లయింది.)

తర్వాత కొలువు, చెవితో కాదు. యూమిక్-1 లాంటి కొలత మైకు కొని, దాని సీరియల్ నంబరుకి తగ్గ కాలిబ్రేషన్ ఫైలు (మైకు తప్పుల్ని సరిదిద్దేది) దింపుకో. కొలిచే ప్రోగ్రాం రూమ్ ఈక్యూ విజార్డ్ ఉచితమే. ఫ్యాను కట్టేసి, కూర్చునే చోట చెవి ఎత్తున మైకు పెట్టి, ఎడమదీ కుడిదీ వేరువేరుగా, తల చుట్టూ జానెడు దూరంలో నాలుగైదు చోట్ల కొలిచి సగటు తియ్యి.

గ్రాఫులో శబ్దం పెరిగిన చోట గుట్టలూ, తగ్గిన చోట గోతులూ కనిపిస్తాయి. గుట్టలు చెక్కు. 41 దగ్గర 9 డెసిబెల్స్ లేచి ఉంటే 7 దించు. క్యూ విలువ (కోత ఎంత ఇరుకో చెప్పే అంకె, పెద్దదైతే ఇరుకు) 5తో మొదలెట్టి గుట్ట వెడల్పుకి సరిపోయేదాకా సవరించుకో. విండోస్‌లో అయితే ఈక్వలైజర్ ఏపీఓ అనే ప్రోగ్రాం చాలు, యాంప్లిఫయర్‌కి చేరకముందే పని అయిపోతుంది. గోతులు మాత్రం వదిలెయ్. గోడని తాకి వెనక్కొచ్చిన శబ్దం నేరుగా వచ్చినదాన్ని మింగేస్తే పడే గోతులవి. నువ్వెంత ఎక్కువ పోస్తే గోడ అంతే ఎక్కువ తిప్పి పంపుతుంది. స్పీకర్ వెనక గోడకి మీటరు దూరంలో ఉంటే అలాంటి గొయ్యి 86 దగ్గర పడుతుంది.

ఇది నేను డబ్బు పోసి నేర్చుకున్నాను. ఒకసారి 30 హెర్ట్జ్ దగ్గర 9 డెసిబెల్స్ పెంచాను. 3 పెంచితేనే యాంప్లిఫయర్ రెట్టింపు పవరు ఇవ్వాలి, 9కి ఎనిమిది రెట్లు. పైగా నావి పోర్టు (గాలి ఆడే గొట్టం) ఉన్న పెట్టెలు. పోర్టు ట్యూన్ చేసిన హెర్ట్జ్ కంటే కిందికి పోతే కోనుకి (శబ్దం పుట్టించే అట్టకి) పట్టుండదు, ఊరికే ముందుకీ వెనక్కీ ఊగిపోతుంది. రెండో రాత్రికి 'టప్' మంది. కోనుని కదిపే తీగచుట్ట, అదే వాయిస్ కాయిల్, కాలిన వాసన తెల్లారేదాకా హాల్లోనే ఉంది. ఎక్కడైనా రెండు డెసిబెల్స్ పెంచక తప్పకపోతే మొత్తం శబ్దాన్ని ఒకేసారి తగ్గించే ప్రీయాంప్ కూడా రెండు దించు, లేకపోతే పెద్ద శబ్దం వచ్చినప్పుడు డిజిటల్‌లోనే చిట్లుతుంది.

300 హెర్ట్జ్ పైన చెయ్యి ఆపు. మైకు నేరుగా వచ్చినదాన్నీ గోడల మీంచి వచ్చినదాన్నీ కలిపేసి కొలుస్తుంది, చెవి ఆ రెండిటినీ విడదీసుకుంటుంది. అక్కడ గీతను చదును చేస్తే పాటలో ప్రాణం పోతుంది. మరీ చురుక్కుమంటుంటే 3000 పైన ఒకటిన్నర డెసిబెల్ మెల్లగా వంచు, లేదా టైల్సు మీద తివాచీ వెయ్యి. నీవి పాసివ్ స్పీకర్లు (లోపల యాంప్లిఫయర్ లేనివి). లావు స్వరాల ఊఫర్‌కీ సన్న స్వరాల ట్వీటర్‌కీ పంపకం పెట్టె లోపలి క్రాసోవర్ అనే సర్క్యూటే చేస్తుంది, ఆ పంపకంలో లోటుంటే బయటి ఈక్యూతో పూర్తిగా తీరదు.

కొలిచేటప్పుడు కిందినుంచి పైకి జారే శబ్దం (స్వీప్) 45 దాటేటప్పుడు మీ అమ్మ బీరువా హ్యాండిల్ గణగణలాడుతుంది, చూడు. దానికి ఫిల్టరు వెతక్కు. కాగితం మడిచి తలుపు సందులో దోపు.

మీ మామయ్య