బోర్డు స్తంభం లెక్క ఇచ్చేముందు

బుజ్జీ,

బీచ్ రోడ్డు పక్కన పెట్టే పెద్ద బోర్డుకి స్తంభం డిజైన్ నువ్వే చేస్తున్నావని నిన్న మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మీ పెద్దమ్మకి రెండుసార్లు చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

మొమెంట్లు, అంటే బలాన్ని దూరంతో గుణించే లెక్కలు, వేయడం నీకు వచ్చు. స్ట్రెస్ అంటే ఉక్కులో ఒక్కో చదరపు మిల్లీమీటరు మోసే బలమే కదా; బరువు వల్ల వచ్చే స్ట్రెస్, వంపు వల్ల వచ్చే స్ట్రెస్ ప్లస్, మైనస్ గుర్తులు చూసి కలుపు. డిజైన్ నియమాల కోడ్‌లో మన ఊరికి గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అది తగ్గించకు.

నా భయం మెలి గురించి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇలాంటిదే చేశాను. బోర్డు స్తంభానికి ఒక పక్కకే ఉండేది. షాపులో ఐ సెక్షన్, అంటే ఇంగ్లీషు I ఆకారపు ఉక్కు కడ్డీ, ఉందంటే అదే వేశాను. బీములో వంపు స్ట్రెస్ అంచున ఎక్కువ, షియర్, అంటే పొరలు ఒకదాని మీద ఒకటి జారేలా చేసే స్ట్రెస్, మధ్యలో ఎక్కువ, రెండూ ఒకచోట కలవవని చదువుకున్నాం కదా. ఆ ధీమాతో విడివిడిగా చూసి సంతకం పెట్టేశాను. ఆ మాట అడ్డంగా తోసే బలం వల్ల వచ్చే షియర్‌కే వర్తిస్తుంది. మెలి వల్ల వచ్చే షియర్ పైతోలు మీదే ఎక్కువ, అంటే వంపు ఎక్కువున్న చోటే. గాలివాన వచ్చిన మర్నాడు వెళ్లి చూస్తే స్తంభం విరగలేదు, మెలి తిరిగి బోర్డు రోడ్డు మీదికి మళ్లింది. దాని కింద టీ బండి ఉంది. ఆ రోజు బండి తీయలేదు కాబట్టి సరిపోయింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను గాలిలో కూడా నాకు ఆ టీ బండే కళ్లముందు మెదిలింది.

లెక్క చూడు. బోర్డు 6 చదరపు మీటర్లు, కోడ్‌లోని గుణకాలు పక్కన పెడితే 50 మీటర్ల గాలికి చదరపు మీటరుకి 1500 న్యూటన్లు. మొత్తం 9 కిలోన్యూటన్లు. బోర్డు మధ్య 5 మీటర్ల ఎత్తులో ఉంటే స్తంభం అడుగున వంపు 45 కిలోన్యూటన్ మీటర్లు. పక్కకి 1.5 మీటర్లు జరిగితే మెలి 13.5. బోర్డు బరువు వల్ల ఇంకో దిశలో వంపు కూడా వస్తుంది, అదీ కలుపు. ఈ మెలిని పైపు తేలిగ్గా మోస్తుంది, ఐ సెక్షన్ మోయదు. నమ్మకపోతే పాత క్యాలెండర్ కాగితాన్ని గొట్టంలా చుట్టి, అంచు అంటించి ఒకసారి, అంటించకుండా ఒకసారి మెలిపెట్టి చూడు; అంటించింది పైపు లాంటిది, అంటించనిది ఐ సెక్షన్ లాంటిది.

చివరికి అదే బిందువు దగ్గర వంపు స్ట్రెస్ వర్గానికి షియర్ స్ట్రెస్ వర్గాన్ని మూడింతలు చేసి కలిపి, వర్గమూలం తీసి, అది ఉక్కు తట్టుకునే హద్దులో ఉందో లేదో చూడాలి. విడివిడిగా పాస్ అయిందని వదిలేశావంటే ఊరుకోను.

ఉప్పుగాలికి స్తంభం మొదలు లోపల్నుంచి తుప్పు పడుతుంది. పైపు పైకొస మూయించు, కింద నీళ్లు పోయేలా రంధ్రం పెట్టించు.

డ్రాయింగ్ షాపుకి ఇవ్వకముందు ఆదివారం ఇంటికి తీసుకురా తల్లీ. పెద్దమ్మ గుత్తి వంకాయ చేస్తానంది. నేను కళ్లజోడు తుడుచుకుని కూర్చుంటాను, మొదటి పేజీ నుంచి చూద్దాం.

మీ పెదనాన్న