వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్పే మీ అడ్మిట్లను వేరు చేస్తోంది

ప్రశ్న: మాది సూర్యాపేట. నాకు 23 ఏళ్లు. 2025లో బీటెక్ సీఎస్‌ఈ పూర్తయింది. హైదరాబాద్‌లో ఏడాదికి 4.2 లక్షల ప్యాకేజీతో పనిచేస్తున్నాను. అమెరికాలో ఎంఎస్‌కి రెండు అడ్మిట్లు వచ్చాయి, రెండూ ప్రభుత్వ యూనివర్సిటీలే. టెక్సాస్‌ది ఏడాదికి 1,000 డాలర్ల స్కాలర్‌షిప్ ఇచ్చింది. వాళ్ల అంచనా ప్రకారం ట్యూషన్, ఫీజులు 13,500, ఇన్సూరెన్స్ 3,000, ఉండటానికి, తిండికి 16,500, మొత్తం ఏడాదికి 33,000 డాలర్లు. ఒహాయోది స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. ట్యూషన్ 21,500, ఇన్సూరెన్స్ 2,500, మిగతావి 12,000, మొత్తం 36,000. కన్సల్టెన్సీ వాళ్లేమో "వెయ్యి డాలర్లు ఏం లెక్క, ఒహాయోలో రూమ్ రెంట్లు తక్కువ, వీసా ఛాన్స్ ఎక్కువ" అంటున్నారు. నాన్న ఆర్టీసీలో మెకానిక్, చేతికి 52 వేలు వస్తాయి, ఇంకా ఆరేళ్ల సర్వీసు ఉంది. చెల్లి ఇంటర్. 12 లక్షల ఎఫ్‌డీ, నా దగ్గర 2 లక్షలు ఉన్నాయి. టౌన్‌లో 55 లక్షల ఇల్లు ఉంది కానీ ఇంకా తాతయ్య పేరు మీదే ఉంది, ఆయన పోయి నాలుగేళ్లయింది. ఊళ్లో రెండెకరాల పొలం, ఎకరం పాతిక లక్షలు పలుకుతోంది. నాన్న పొలం అమ్మేద్దామంటున్నారు. ఒక ఫైనాన్స్ కంపెనీ ఏజెంటు తాకట్టు లేకుండా 12.5 శాతానికి లోన్ ఇప్పిస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ "ప్రభుత్వ యూనివర్సిటీ" సంగతి చూద్దాం. మన దగ్గర ప్రభుత్వ కాలేజీ అంటే ఫీజు తక్కువ. అక్కడ కూడా తక్కువే, కాకపోతే ఆ రాష్ట్రం వాళ్లకు. యూనివర్సిటీని నడిపేది ఆ రాష్ట్రం పన్నుల డబ్బు కాబట్టి స్థానికులకు ఒక రేటు, బయటివాళ్లకు ఇంకో రేటు. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద వెళ్లేవాళ్లు చాలా రాష్ట్రాల్లో ఎన్నేళ్లున్నా బయటివాళ్ల కిందే లెక్క. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియానే చూడండి, చాలా మాస్టర్స్ కోర్సులకు బయటివాళ్లు ఏడాదికి 15,102 డాలర్లు అదనంగా కట్టాలి. అందుకే ప్రభుత్వమా ప్రైవేటా అన్నది పక్కన పెట్టి, మీకు ఏ రేటు పడుతుందో చూడండి.

ఇక్కడే టెక్సాస్ వేరు. ఆ రాష్ట్ర చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీ పోటీ మీద ఇచ్చే స్కాలర్‌షిప్ ఏడాదికి కనీసం 1,000 డాలర్లు ఉంటే, బయటి రాష్ట్రం వాళ్లయినా, మనలాంటి విదేశీ విద్యార్థులయినా స్థానికుల రేటే కట్టొచ్చు. అంటే మీ కన్సల్టెన్సీ వాళ్లు తీసిపారేసిన ఆ వెయ్యి డాలర్లతో వచ్చేది వెయ్యి కాదు, ఇంకా చాలా ఎక్కువ. మీరు రాసిన 13,500 చూస్తే ఆ మాఫీ కలిపే లెక్క వేసినట్టు కనిపిస్తోంది. అయినా ఊహ మీద డబ్బు కట్టకండి. వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్పులన్నిటికీ ఈ మాఫీ రాదు. దాన్ని యూనివర్సిటీ గుర్తించిన కమిటీ, స్థానిక విద్యార్థులతో కూడా పోటీ పెట్టి ఇచ్చి ఉండాలి. ఎంతమందికి ఇవ్వొచ్చన్న దానికీ పరిమితి ఉంది.

కాబట్టి ఈ వారమే గ్రాడ్యుయేట్ అడ్మిషన్ల ఆఫీసుకు మెయిల్ పెట్టండి. నా స్కాలర్‌షిప్‌తో నాన్‌రెసిడెంట్ (బయటివాళ్ల) ట్యూషన్ మాఫీ వస్తుందా? రెండో ఏడాది దాన్ని రెన్యూవల్ చేస్తారా, చేస్తే ఎంత జీపీఏ ఉండాలి? ఈ రెండింటికీ రాతపూర్వకంగా జవాబు వచ్చాకే డిపాజిట్ కట్టండి. రెండో ఏడాది మాఫీ పోతే ఫీజు ఒక్కసారిగా ఎగబాకుతుంది, అప్పటికి మీరు సగం దారిలో ఉంటారు.

ఇప్పుడు రూపాయల్లోకి వద్దాం. డాలర్ 2022లో 80 దాటింది, 2025 డిసెంబరులో 90 దాటింది. 90 పెట్టి లెక్కేద్దాం. యూనివర్సిటీ చెప్పే జీవన వ్యయం కాస్త ధారాళంగానే ఉంటుంది. మన పిల్లలు ఇద్దరు ముగ్గురు కలిసి ఇల్లు తీసుకుని, వండుకుని తింటే అంతకంటే తక్కువతో సర్దుకుంటారు. టెక్సాస్‌లో నెలకు 950 డాలర్లు, ఒహాయోలో 800 అనుకుందాం. రెండేళ్లకు టెక్సాస్ మొత్తం 55,800 డాలర్లు, అంటే 50 లక్షల పైచిలుకు. ఒహాయో 67,200 డాలర్లు, అంటే 60 లక్షలు దాటింది. రూమ్ రెంట్ తక్కువ అన్న మాట నిజమే. నెలకు 150 డాలర్లు మిగిల్చి ట్యూషన్‌లో ఏడాదికి 8,000 పోగొట్టుకుంటారు. ఇక వీసా ఛాన్స్ రాష్ట్రాన్ని బట్టి ఉండదు, కాన్సులేట్‌లో చూసేది మిమ్మల్నీ మీ కాగితాల్నీ. కొన్ని యూనివర్సిటీలు విద్యార్థికింత అని కన్సల్టెన్సీలకు కమీషన్ ఇస్తాయి. ఒహాయో నుంచి మీకెంత వస్తుందని వాళ్లనే అడిగి చూడండి, జవాబు ఎలా చెబుతారో గమనించండి.

ఈ 50 లక్షలకు ఇంకో 3 లక్షలు కలపండి. 350 డాలర్ల సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు) ఫీజు, 185 డాలర్ల వీసా ఫీజు, టికెట్, ల్యాప్‌టాప్, అక్కడ దిగగానే ఇంటి అడ్వాన్సు, పరుపు, వంట సామాను అన్నీ అందులోకే వస్తాయి. మొత్తం 53 లక్షలు. ఎఫ్‌డీలో 3 లక్షలు ఇంటి అవసరాలకు ఉంచి 9 తీయండి, మీ 2 కలపండి. బ్యాంకులు మనల్ని సొంతంగా పెట్టమని అడిగే 15 శాతం వాటా, అంటే మార్జిన్, ఇందులోంచే సరిపోతుంది. దానికోసం నాన్న ఎక్కడా రెండు రూపాయల వడ్డీకి తేవాల్సిన పని లేదు. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు లోన్ మార్జిన్ కోసం అలాంటి అప్పు తెచ్చినవాళ్లను చూశాను, ముందు తలకు మించిన భారమయ్యేది ఆ చిన్న అప్పే.

మిగిలింది 42 లక్షలు. అంతకూ శాంక్షన్ చేయించుకోండి, కానీ వాడేది 35 దగ్గర ఆగేలా చూసుకోండి. వడ్డీ పడేది తీసిన మొత్తానికే. డాలర్ ఇంకా పెరిగితే ఆ ఏడు లక్షలు అండగా ఉంటాయి.

35 లక్షలు సెమిస్టర్‌కి కొంత చొప్పున తీసి, చదువు అయిన ఆరు నెలల తర్వాత కిస్తీలు మొదలవుతాయనుకుందాం. 10.5 శాతం వడ్డీతో అప్పటికి అప్పు సుమారు 41.5 లక్షలు అవుతుంది. పదేళ్లకు ఈఎంఐ నెలకు 56 వేలు. ఇదే ఏజెంటు చెప్పిన 12.5 శాతమైతే 63 వేల దగ్గర. రెండు శాతమే కదా అనిపిస్తుంది, పదేళ్లలో తేడా 8 లక్షలు. ఇంకో సంగతి చూడండి. మీ నాన్నగారి జీతం 52 వేలు. కిస్తీలు మొదలయ్యేసరికి ఆయనకు మిగిలేది మూడున్నరేళ్ల సర్వీసే. అంటే కాగితం మీద ఆయన సహ రుణగ్రహీత అయినా, నిజంగా ఈ అప్పు తీర్చేది మీరే. ఇది ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం.

బ్యాంకు తక్కువ వడ్డీకి ఇవ్వాలంటే ఇల్లు తాకట్టు పెట్టాలి. వ్యవసాయ భూమిని చదువు లోన్‌కు బ్యాంకులు సాధారణంగా ఒప్పుకోవు. మీ అసలు చిక్కు వడ్డీ కాదు, ఇల్లు తాతయ్య పేరు మీద ఉండటం. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అత్తయ్యలు, బాబాయిలు ఉంటే వాళ్ల రిలీజ్ డీడ్ (వాటా వదులుకుంటున్నట్టు పత్రం) రిజిస్ట్రేషన్, మున్సిపాలిటీలో మ్యుటేషన్ (పేరు మార్పిడి), ఈసీ (ఆస్తి లావాదేవీల చిట్టా), లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు), ప్లాను అన్నీ సిద్ధమయ్యాకే బ్యాంకు లాయర్ లీగల్ ఒపీనియన్ ఇస్తాడు. ఇవాళ మొదలుపెడితే రెండు మూడు నెలల పని. అత్తయ్యకు పుట్టింటి వాటా గురించి పాత మాటలేమైనా ఉంటే ఇంకా ఎక్కువే. ఏజెంట్లు సరిగ్గా ఈ తొందర మీదే వ్యాపారం చేస్తారు. ఆగస్టుకు కాగితాలు కావనిపిస్తే అడ్మిషన్‌ను జనవరి సెమిస్టర్‌కు వాయిదా వేయొచ్చేమో, స్కాలర్‌షిప్ అలాగే ఉంటుందో ఉండదో పైన చెప్పిన మెయిల్‌లోనే అడగండి. స్కాలర్‌షిప్ పోతుందంటే మాత్రం ఆగకండి. మొదటి సెమిస్టర్‌కు ఫైనాన్స్ కంపెనీ లోన్‌తోనే వెళ్లి, ఇంటి కాగితాలు అయ్యాక బ్యాంకుకు మార్చుకోండి. ముందే తీర్చేస్తే చార్జీ ఉండకూడదు కాబట్టి వడ్డీ ఫ్లోటింగ్‌దేనా (మార్కెట్‌ను బట్టి మారేదేనా) అని ఒప్పందంలో చూసుకోండి.

పొలం ఇప్పుడు అమ్మకండి. పొలం మీద ప్రేమతో చెప్పట్లేదు, ఆ రెండెకరాలే మీ ఇన్సూరెన్స్. చదువయ్యాక ఓపీటీ, అంటే విద్యార్థి వీసా మీదే పనిచేసే అనుమతి, 12 నెలలు ఉంటుంది. మీది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కోర్సు కాబట్టి ఇంకో 24 నెలలు ఉంటుంది. మొదటి ఏడాదిలో 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఆ తర్వాత హెచ్-1బీ, అంటే ఉద్యోగ వీసా. ఏడాదికి ఇచ్చేది 85,000 మాత్రమే, ఎంపిక చేతిలో లేని పని. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులకు 1,00,000 డాలర్ల ఫీజు పెట్టారు. అమెరికాలోనే ఉండి ఎఫ్-1 నుంచి మారేవాళ్లకు అది వర్తించదని తర్వాత స్పష్టం చేశారు. ఈ నిబంధనలు ఎటు మారతాయో మీరు చదువు పూర్తి చేసేదాకా ఎవరూ చెప్పలేరు. అన్నీ కలిసొచ్చి ఉద్యోగం దొరికితే నెలకు 1,500 డాలర్లు ఇంటికి పంపి మూడేళ్లలో, అంటే సరిగ్గా ఓపీటీ గడువులో, 41.5 లక్షలు తీర్చేయొచ్చు. దొరక్క వెనక్కి వస్తే హైదరాబాద్ జీతంతో 56 వేలు కట్టాలి. అప్పుడు ఒక ఎకరం అమ్మితే అప్పు సగానికి పైగా దిగుతుంది, కిస్తీ మోయగలిగేంత అవుతుంది. ఇప్పుడే అమ్మితే ఆ దారి మూసుకుపోతుంది. అమ్మాల్సి వచ్చినా, మున్సిపాలిటీ హద్దులకు దూరంగా ఉన్న పల్లె పొలమైతే దాని మీద ఆదాయపు పన్ను ఉండదు.

పార్ట్‌టైమ్ గురించి మీరు అడగలేదు కానీ, మీ స్నేహితులు చెప్పే ఉంటారు. సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా పనిచేయొచ్చు. గంటకు 12 డాలర్లతో వారానికి 15 గంటలు దొరికితే నెలకు 700 పైన వస్తాయి. ఖర్చులకు బాగానే సాయమవుతుంది, ఫీజుకు చాలదు. మొదటి సెమిస్టర్‌లో దొరక్కపోవచ్చు కూడా. నేను 42 లక్షల్లో 35 దగ్గర ఆగమన్నది ఈ సంపాదన లెక్కలోనే. బయట పెట్రోల్ బంకులు, రెస్టారెంట్లలో నగదుకు పని మాత్రం వద్దు. పట్టుబడితే వీసా స్టేటస్ పోతుంది, 40 లక్షల అప్పు మిగులుతుంది. క్యాంపస్ జీతంలోంచి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (అక్కడి పెన్షన్, వైద్య పథకాలు) కోత మీకు ఉండదు, పడితే హెచ్‌ఆర్‌ని అడిగి వెనక్కి తీసుకోండి. భారత్-అమెరికా పన్ను ఒప్పందం వల్ల మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో కొంత మొత్తానికి పన్ను మినహాయింపు) కూడా ఉంది. చాలామందికి తెలియక ఉత్తపుణ్యానికి పన్ను కడుతుంటారు.

కన్సల్టెన్సీ వాళ్లు బ్యాంకు బ్యాలెన్స్ చూపిస్తాం, ఇంత ఇవ్వండి అంటే ఒప్పుకోకండి. లోన్ శాంక్షన్ లెటర్, ఎఫ్‌డీ రసీదు ఉంటే ఐ-20కి (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం), వీసాకు సరిపోతాయి. తప్పుడు కాగితాలు పెట్టారని తేలితే ఈ వీసా ఒక్కటే కాదు, ఇకముందు అమెరికా దారే మూసుకుపోవచ్చు.

లోన్ అమ్మేవాళ్లు చదువు లోన్ వడ్డీ మీద పన్ను మినహాయింపు అని గొప్పగా చెబుతారు. అది పాత పన్ను విధానంలోనే ఉంది. మీ నాన్నగారి ఆదాయానికి కొత్త విధానంలో అసలు పన్నే పడదు, కాబట్టి ఆ లాభాన్ని లెక్కలోకి తీసుకోకండి. మీకు పనికొచ్చేది టీసీఎస్ (విదేశాలకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) నిబంధన. బ్యాంకు చదువు లోన్‌తో ఫీజు పంపితే టీసీఎస్ ఉండదు. సొంత డబ్బు ఒకరి పాన్ మీద ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటి పంపితేనే పడుతుంది, అదీ రిటర్న్‌లో సర్దుబాటవుతుంది. అందుకని ఫీజులు లోన్ ఖాతా నుంచే పంపించండి.

శాంక్షన్ సమయంలో లోన్‌తో పాటు సింగిల్ ప్రీమియం ఇన్సూరెన్స్ అంటగట్టి, ఆ ప్రీమియాన్ని కూడా లోన్‌లో కలిపేస్తారు. దాని మీదా పదేళ్లు వడ్డీ. బదులుగా మీ పేరున 50 లక్షల టర్మ్ పాలసీ విడిగా తీసుకోండి, ఈ వయసులో ప్రీమియం చాలా తక్కువ. నామినీగా అమ్మను పెట్టండి, విదేశాల్లో చదువుకోబోతున్నానని దరఖాస్తులో దాచకుండా రాయండి. పాలసీ చేతికి వచ్చాకే లోన్ పత్రాల మీద నాన్నతో సంతకం పెట్టించండి.