భూమి నెమ్మదిస్తోందా?

ప్రశ్న: భూమి తిరిగే వేగం తగ్గుతోందంటున్నారు, నిజమేనా? ఎందుకు?

జవాబు: నిజమే. టెన్షన్ పడకండి, నూరేళ్లకు రోజు పెరిగేది సుమారు 2 మిల్లీసెకన్లే. కారణం చంద్రుడు. ఆయన ఆకర్షణకు సముద్రం ఉబ్బుతుంది, భూమి వేగంగా తిరుగుతూ ఆ ఉబ్బును కాస్త ముందుకు లాక్కుపోతుంది, చంద్రుడేమో దాన్ని వెనక్కి గుంజుతాడు, ఈ గుంజులాటలో, లోతు తక్కువ సముద్రాల్లో నీళ్లు అడుగును రాసుకుంటూ పోవడంలో భూమి వేగం కొంత హరించుకుపోతుంది. పోయిన ఊపు చంద్రుడికి చేరి, ఆయన ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు. ఇది ఊహ కాదు, అపోలో వ్యోమగాములు 1969లోనూ ఆ తర్వాతా అక్కడ పెట్టొచ్చిన అద్దాల మీదికి లేజర్ కొట్టి కొలిచిందే. నాకు మాత్రం పగడాల సాక్ష్యమే ఎక్కువ నచ్చుతుంది: దాదాపు 38 కోట్ల ఏళ్ల నాటి శిలాజాల్లో పగడం పెరుగుతూ రోజుకొకటి చొప్పున వేసుకున్న సన్నగీతలు లెక్కపెడితే ఏడాదికి సుమారు 400 వచ్చాయి. ఏడాది అంతే, రోజే చిన్నది, 22 గంటలు!