లెక్కలొచ్చిన పిల్ల బొమ్మలేస్తే లెక్కలు పాడైపోవు

రాజాం నుంచి ఒక అమ్మ రాశారు. పాప ఇంటర్ ఎంపీసీ సెకండియర్, లెక్కల్లో మంచి మార్కులే, కానీ రఫ్ నోట్సు నిండా సందు లేకుండా ఒకదాన్లో ఒకటి ఇమిడిపోయే చేపలూ పిట్టలే గీస్తుందట. బీటెక్ సీఎస్‌ఈయా, బీడిజైనా, వైజాగ్‌లో ఎవరో చెప్పిన ఏఐ ఆర్ట్ కోర్సా అని అడిగారు. పరీక్షలయ్యేదాకా స్కెచ్ పెన్నులు బీరువాలో పెట్టి తాళం వేశారట కూడా.

అమ్మా, మీ భయం కోర్సు గురించి కాదు, ఇంత బాగా చదివే పిల్ల బొమ్మల్లో పడితే చుట్టాలేమంటారో అని. ఈ ప్రశ్న నాకు ఏటా వస్తుంది, ఊరి పేరే మారుతుంది. ముందు ఆ తాళం తీయండి. పిల్ల గీసేది లెక్కే. ఒక డిజైన్‌ని జరుపుతూ, తిప్పుతూ, బోర్లిస్తూ గోడంతా రిపీట్ చేస్తే వచ్చే సిమెట్రీలు మొత్తం 17 రకాలేనని రష్యా శాస్త్రవేత్త ఫెదొరోవ్ 1891లోనే నిరూపించాడు. నెదర్లాండ్స్ ఆర్టిస్ట్ ఎషర్‌కి స్కూల్లో లెక్కలు అంతంతమాత్రం, ఆ 17 రకాల మీద పోల్యా అనే లెక్కల పండితుడు రాసిన పేపర్లో బొమ్మలు కాపీ చేసుకుని నేర్చుకున్నాడు, వాళ్ల నాన్న సివిల్ ఇంజనీరు అయ్యుండి కూడా కొడుక్కి ఏళ్ల తరబడి డబ్బు సాయం చేశాడు. మీ పిల్లకైతే లెక్కలు కూడా వచ్చు! 1970ల్లో మద్రాసులో పరిశోధకులైన సిరోమణి దంపతులు ముగ్గుల మీద కంప్యూటర్ గ్రామర్లే, అంటే ముగ్గుని పుట్టించే నియమాలే రాశారు. మీరు సంక్రాంతికి మెలికల ముగ్గేస్తే పండగ, పిల్ల నోట్సులో గీస్తే టైం వేస్టా?

ఏఐ ఆర్ట్ కోర్సు మీద నాకు నమ్మకం లేదు. ఇవాళ నేర్పే సాఫ్ట్‌వేర్ డిగ్రీ అయ్యేలోపు మారిపోతుంది, ఒక లైను టైప్ చేస్తే ఎవరికైనా బొమ్మొస్తుంది, ఆ ఆకారాలు ఎందుకలా అతుక్కున్నాయో తెలిసినవాళ్లకే విలువ, అది తొందరగా వచ్చేది కాదు. ఫీజు కట్టేముందు జామెట్రీ ఎవరు చెప్తారని అడగండి, ఫైనలియర్ పిల్లలు చేసిన పని చూపించమనండి, బ్రోచర్ తప్ప ఇంకేం చూపించకపోతే వచ్చేయండి.

ఐఐటీల్లాంటి చోట్ల బీడిజైన్ సీట్లకి పెట్టే యూసీడ్ పరీక్ష రాయించండి, ఆకారాల్ని మనసులో తిప్పి చూసే ప్రశ్నలు ఈ పిల్లకి కలిసొస్తాయి. ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) అయితే గుంటూరు జిల్లాలోనే ఉంది, దానికి పరీక్ష మాత్రం వేరు. సీటు రాలేదా, సీఎస్‌ఈలో చేర్చండి, ఏం పోదు, కంప్యూటర్ గ్రాఫిక్స్ అంతా మాట్రిక్సులే, బొమ్మలు మాత్రం ఆపించకండి.

ఈలోపు తను గీసినవాటిలో మంచివి ఓ పది ఏరి, ఏది తిప్పిందో ఏది బోర్లించిందో ఒక్కోదాని కింద నాలుగు లైన్లు రాయమనండి, తెలుగులోనైనా పర్లేదు, పోర్ట్‌ఫోలియో అడిగేచోట అదే చూపిస్తుంది.