పాత గూడ్స్ వ్యాగన్లు ఊరికే పట్టాలు తప్పుతున్నాయి: కొత్తవి కొనాలా, వీటినే బాగుచేసుకోవాలా?

మీ పరిస్థితి నాకు అర్థమైనంత వరకు ఇదీ. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవున్న బల్ల మీద హెచ్‌ఓ స్కేలు (అసలు రైలులో 87వ వంతు సైజు) బొమ్మ రైలు లేఅవుట్ వేసుకున్నారు. ఇంజిన్ ఒక్కటే అయితే చక్కగా తిరుగుతోంది. ఇరవై పాత వ్యాగన్లు తగిలించేసరికి వంపుల్లో పట్టాలు తప్పుతున్నాయి, మధ్యలో ఊడిపోతున్నాయి, రైలును వెనక్కి నెట్టినప్పుడు మరీ ఎక్కువ. వీటిని పక్కన పెట్టేసి కొత్తవి కొనాలా అని మీ సందేహం.

కొనకండి, బాగుచేసుకోండి. నా దగ్గర ఇప్పుడు తిరుగుతున్న 34 వ్యాగన్లలో 31 అలా బాగుచేసుకున్నవే. చేయి తిరిగాక ఒక్కోదానికి గంట కూడా పట్టదు. కాకపోతే స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు తప్పు వ్యాగన్‌లో ఉందా, పట్టాల్లో ఉందా అన్నది తేల్చుకోండి. నేను అది తేల్చుకోకుండానే పనిలోకి దిగి రెండు నెలలు పోగొట్టుకున్నాను.

నా లేఅవుట్‌లో యార్డులోకి దారి చీలే టర్నౌట్ ఒకటుంది. గూడ్స్ రైలు రోజూ అక్కడే పడిపోయేది. ఎప్పుడూ అక్కడే పడుతోంది కాబట్టి తప్పు పట్టాలదే అని గట్టిగా నమ్మాను. టర్నౌట్ పీకి మళ్లీ వేశాను. కింద కార్క్ మార్చాను. చివరికి కొత్త టర్నౌట్ తెచ్చి పెట్టాను. అయినా అదే తంతు. ఒక రాత్రి గదిలో లైటు ఆర్పేసి, బల్లకు చెంప ఆనించి, కన్ను సరిగ్గా పట్టా ఎత్తులో పెట్టి, అవతలి వైపు నుంచి టార్చి పడేలా చూసుకుని, వ్యాగన్లను ఒక్కొక్కటిగా వేలితో మెల్లగా నెట్టాను. ఆరు వ్యాగన్లు హాయిగా దాటిపోయాయి. ఏడోది బొగ్గు హాపర్. టర్నౌట్‌లో అసలు పట్టా పక్కనే చక్రాన్ని దారిలో ఉంచడానికి గార్డ్ రైలు అని ఒక పొట్టి ముక్క ఉంటుంది చూడండి, హాపర్ ముందు చక్రం అక్కడికి రాగానే దాని లోపలి ముఖం ఆ ముక్కకు ఒరుసుకుంది. వేలికి చిన్న బిగువు తగిలింది. ఇంకొంచెం నెట్టాను. చక్రం గార్డ్ రైలు మీదికి ఎక్కి, వెంట్రుకవాసి ఎత్తులో ఒక్క క్షణం నిలబడి, పట్టా బయటకు జారిపోయింది.

ఆ ఇరుసు మీద రెండు చక్రాలూ ఉండాల్సిన దానికన్నా దగ్గరగా జరిగి ఉన్నాయి. మామూలు దారిలో అది తెలియదు, ఎందుకంటే అక్కడ చక్రం లోపలి వైపు తగలడానికి ఏమీ ఉండదు. టర్నౌట్ దగ్గరే బయటపడుతుంది. చక్రాలను మెలితిప్పుతూ ఒక్క పిసరు బయటకు లాగాను. ఆ హాపర్ మళ్లీ అక్కడ పడలేదు.

అందుకే మీరు ముందు వారం రోజులు మామూలుగా రైలు నడపండి. పట్టా తప్పిన ప్రతిసారీ ఆ చోట చిన్న టేపు ముక్క అంటించండి, ఆ వ్యాగన్ నంబరు రాసుకోండి. ఒకే చోట రకరకాల వ్యాగన్లు పడుతుంటే పట్టాలు చూడాలి. ఒకే వ్యాగన్ పదే పదే పడుతుంటే వ్యాగన్ చూడాలి. ఈ తనిఖీకి మీరు కొనక తప్పని వస్తువు ఒక్కటే ఉంది. అమెరికాలో 1935 నుంచి ఉన్న నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ వాళ్ల స్టాండర్డ్స్ గేజ్. అరచేతిలో పట్టే లోహపు పలక అది. పట్టాల మధ్య దూరం, ఇరుసు మీద చక్రాల మధ్య దూరం, టర్నౌట్‌లో చక్రం అంచు పోయే సందు, అన్నీ దాని గాట్లతోనే చూసుకోవచ్చు. హెచ్‌ఓలో పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లే కాబట్టి కంటి అంచనా అసలు పనికిరాదు.

పట్టాల గురించి రెండే మాటలు చెబుతాను. మీ బల్ల వెడల్పును బట్టి వంపులు 18 అంగుళాల వ్యాసార్ధంలో ఉండి ఉంటాయి, మహా అయితే 22. 40 అడుగుల వ్యాగన్ల నమూనాలు వాటిలో ఇబ్బంది లేకుండా తిరుగుతాయి, బాగా పొడవైనవి తిరగవు. ఒక వంపు అవ్వగానే దానికి ఎదురు వంపు వచ్చే చోట, మీ దగ్గరున్న అతి పొడవైన వ్యాగన్ అంత నిడివి తిన్నటి పట్టా మధ్యలో ఉండాలి. ఇక వంపులో రెండు ఫ్లెక్స్ ట్రాక్ (చేత్తో వంచుకోగలిగే పట్టా) ముక్కలు కలిసే అతుకు దగ్గర మోచేయిలా వంగి ఉంటే, రెంటినీ తిన్నగా ఉంచి అతుకు టంకం పెట్టి, ఆ తర్వాత వంచండి. కానీ అన్ని అతుకులకూ టంకం పెట్టేయొద్దు. గాలిలో తేమకు బల్ల చెక్క ఉబ్బుతుంది, తగ్గుతుంది. తిన్నటి దారిలో అక్కడక్కడా కొంచెం సందు వదలకపోతే పట్టా పక్కకు లేస్తుంది.

ఇక వ్యాగన్ల సంగతి. నాకు ఇష్టమైన భాగం ఇదే. వ్యాగన్ కింద రెండు చివర్లా ఉండే నాలుగు చక్రాల చట్రాన్ని ట్రక్ అంటారు. ఇంగ్లండ్ వైపు దాన్నే బోగీ అంటారు గానీ మనకు బోగీ అంటే రైలు పెట్టె, అందుకని ట్రక్ అనే రాస్తున్నాను.

మొదట చక్రాలు మార్చండి. పాత వ్యాగన్లకు ప్లాస్టిక్ చక్రాలుంటాయి. వాటికి నల్లటి జిడ్డు పేరుకుంటుంది, అది చక్రం మీద గడ్డలా నిలిచి బండిని ఎగరేస్తుంది, పట్టాలంతా పూస్తుంది కూడా. లోహపు చక్రాలు వేస్తే పట్టాలు తుడిచే పని సగానికి పడిపోతుంది. అమెరికాలో నిజమైన వ్యాగన్లలో 70 టన్నుల వాటికి 33 అంగుళాల చక్రాలు, 100 టన్నుల వాటికి 36 అంగుళాల చక్రాలు వాడతారు. హెచ్‌ఓలో అవి సుమారు 9.6, 10.5 మిల్లీమీటర్లు. పెద్ద చక్రం వేస్తే పెట్టె ఎత్తు పెరిగి కప్లర్ (పెట్టెలను ఒకదానికొకటి తగిలించే కొక్కెం) కూడా పైకి పోతుంది, అది గుర్తుంచుకోండి. ఇరుసుల పొడవు కూడా అన్ని కంపెనీలదీ ఒకటి కాదు. పొడవు ఎక్కువైతే ట్రక్ బిగుసుకుంటుంది, తక్కువైతే చక్రం అటూ ఇటూ ఊగుతుంది. ఇరుసు కొన కూర్చునే శంకువు లాంటి గుంటను శుభ్రంగా తొలిచే చిన్న పనిముట్టు ఉంటుంది, దాన్ని ట్రక్ ట్యూనర్ అంటారు. ట్రక్‌లో పెట్టి నాలుగైదు సార్లు తిప్పితే చాలు. మా బల్ల మీద 2 శాతం వాలున్న చోటు ఒకటుంది. వ్యాగన్‌ను అక్కడ పెట్టి చెయ్యి తీసేస్తే దానంతట అదే కదలాలి. కదలకపోతే ఆ వ్యాగన్ పని ఇంకా అవలేదని లెక్క.

తర్వాత బరువు. మీ వ్యాగన్లు వెనక్కి నెట్టినప్పుడు ఎక్కువగా పడుతున్నాయంటే అవి తేలిగ్గా ఉండి ఉంటాయని నాకు గట్టి అనుమానం. ఆ అసోసియేషన్ సిఫారసు హెచ్‌ఓకి ఇలా ఉంటుంది: మొదట ఒక ఔన్సు, ఆపైన వ్యాగన్ పొడవులో ప్రతి అంగుళానికీ అర ఔన్సు. గ్రాముల్లో 28, అంగుళానికి 14 చొప్పున. 40 అడుగుల బాక్స్‌కార్ (అన్ని వైపులా మూసి ఉండే వ్యాగన్) నమూనా అయిదున్నర అంగుళాలు కాబట్టి దాదాపు 105 గ్రాములు ఉండాలి. వంటింటి డిజిటల్ కాటా మీద నా బాక్స్‌కార్లు పెట్టి చూస్తే ఒకటి 62, ఒకటి 118, ఇంకొకటి 80 చూపించాయి. అసలు చిక్కు ఈ తేడాలోనే ఉంది. ముందు తేలిక పెట్టె, వెనక బరువైన పెట్టెలు ఉంటే, వంపులో తాడు బిగదీసినట్టు ఆ తేలిక పెట్టె లోపలి వైపుకు లాగేసుకుపోతుంది. వెనక్కి నెట్టేటప్పుడు అదే పెట్టె పైకి లేస్తుంది.

బాక్స్‌కార్‌లో బరువు దాచడం తేలిక, నేల మీద అంటించేస్తే సరి, మధ్యకు రెండు వైపులా సమంగా. హాపర్‌లో ఏటవాలు రేకుల కింద ఖాళీ ఉంటుంది, అక్కడ పట్టేంత నింపండి. గోడలు, కప్పు లేని ఫ్లాట్‌కార్ కింద మధ్య దూలం పక్కన సన్నటి టంగ్‌స్టన్ ముక్కలు పెట్టాల్సి వస్తుంది. ఒక్క జాగ్రత్త. సీసం బరువును తెల్ల జిగురుతో అంటించకండి. ఆ జిగురులోని ఆమ్లానికి సీసం మెల్లగా తెల్లటి పొడిగా మారి ఉబ్బుతుంది. నా పాత ట్యాంక్ కార్ ఒకటి అల్మారాలో ఉన్నచోటే కుట్టు విడిపోయింది. నేను ఎంతో ఇష్టపడి రంగు వేసుకున్న పెట్టె అది. విప్పి చూస్తే లోపల సీసం గుళ్ల చుట్టూ సున్నం లాంటి పొడి. ఇప్పుడు ఎపాక్సీ కానీ, అంటుకునే టేపు వెనకున్న స్టీలు బరువులు కానీ తప్ప ఇంకేమీ వాడను.

ట్రక్‌లను బిగించే పద్ధతికి ముక్కాలి పీట గుర్తు తెచ్చుకోండి. మూడు కాళ్ల పీట ఎగుడుదిగుడు నేల మీద కూడా ఊగదు. అలాగే ఒక ట్రక్ స్క్రూను కాస్త వదులుగా, ఎటు పడితే అటు వాలేలా ఉంచాలి. రెండోది అటూ ఇటూ తిరగగలగాలి, కానీ పక్కలకు ఒరగకూడదు. రెండూ బిగిస్తే అతుకు దగ్గర ఒక చక్రం గాలిలో ఉంటుంది. రెండూ వదిలేస్తే పెట్టె కల్లు తాగినట్టు ఊగుతుంది. నాకు తెలిసి ఖర్చు లేకుండా ఎక్కువ ఫలితమిచ్చే పని ఇదొక్కటే.

మధ్యలో ఊడిపోవడానికి కారణం కప్లర్ల ఎత్తు. మీ పాత వ్యాగన్లలో కొన్నిటికి కొక్కెం లాంటి పాతకాలపు ప్లాస్టిక్ కప్లర్లు ఉంటే, వాటన్నిటినీ తీసేసి ఒకే రకం లోహపు నకుల్ కప్లర్లు (మడిచిన వేళ్లలా ఒకదాన్నొకటి పట్టుకునేవి) వేయండి. నేను కేడీ అనే కంపెనీ వాళ్ల 148వ నంబరు వాడతాను. సన్నటి స్ప్రింగు మీసాలు కప్లర్‌కే అంటుకుని ఉంటాయి కాబట్టి బిగించడం తేలిక. పట్టా పైనుంచి కప్లర్ మధ్యకు సుమారు 9.9 మిల్లీమీటర్లు ఉండాలి. దానికి కూడా విడిగా ఎత్తు చూసే గేజ్ దొరుకుతుంది. పట్టాల మీద పెట్టి వ్యాగన్‌ను దగ్గరికి తీసుకెళితే తేడా ఇట్టే తెలిసిపోతుంది. కప్లర్ కిందికి ఉంటే ట్రక్‌కూ పెట్టెకూ మధ్య పలుచటి వాషరు వేయండి. పైకి ఉంటే చక్రాల సైజు మరోసారి చూడండి. కప్లర్ కింద వేలాడే వంపు తీగ పట్టాకు తగలకుండా పైకి వంచడం మరిచిపోవద్దు. టర్నౌట్ దగ్గర అది తట్టుకుని పెట్టెను ఎగరేసిన సందర్భాలు నాకే చాలా ఉన్నాయి. కప్లర్ పెట్టెలో నూనె వేయకండి, దుమ్ము పట్టి బిగుసుకుపోతుంది. పొడి గ్రాఫైట్ చిటికెడు చాలు.

మీ వ్యాగన్లలో కప్లర్లు పెట్టెకు కాకుండా ట్రక్‌కే అమర్చి ఉన్నాయేమో చూడండి. మీరు చెప్పిన లక్షణాలకు ఇది బాగా సరిపోతుంది. ముందుకు లాగేటప్పుడు అలాంటివి బాగానే ఉంటాయి. వెనక్కి నెట్టగానే ఆ తోపు మొత్తం ట్రక్‌నే పక్కకు మెలితిప్పుతుంది, చక్రం ఎక్కేస్తుంది. ట్రక్ మీది కొమ్మును కత్తిరించి, పెట్టె నేలకు కప్లర్ బాక్సు బిగించాలి. మొదటిది చేసినప్పుడు చేతులు వణికాయి, నాలుగోది వచ్చేసరికి అలవాటైపోయింది.

రంగులు, తుప్పు, చిన్న చిన్న వివరాలు ఇవన్నీ అయ్యాకే. అయినా ఒక్కటి చెప్పాలనిపిస్తోంది. అమెరికా బాక్స్‌కార్ల కప్పు మీద సిబ్బంది నడిచే పలకలు ఉండేవి. 1966 నుంచి కొత్త పెట్టెలకు అవి పెట్టడం ఆపేశారు, సిబ్బంది కప్పు ఎక్కాల్సిన అవసరం అప్పటికే పోయింది కాబట్టి. మీ లేఅవుట్ ఏ కాలానిదో అనుకుని ఆ పలకలు ఉంచాలో తీయాలో నిర్ణయించుకోండి. ఆ ఒక్క మార్పుతో రైలు మొత్తానికి ఒక కాలం వచ్చేస్తుంది. తుప్పు కోసం పలుచని యాక్రిలిక్ రంగు పూసి, వాన నీళ్లు కారినట్టు పైనుంచి కిందికి తుడవండి. మ్యాట్ లక్కర్ కొట్టిన ఉపరితలం మీద ఆల్కహాల్ కలిసిన రంగు వేస్తే తెల్లగా పొగమంచులా తేలుతుంది, ముందు పనికిరాని పెట్టె మీద చూసుకోండి.

ఇరవైటినీ ఒకేసారి విప్పొద్దు. ఎక్కువసార్లు పడిన వ్యాగన్‌ను ముందు తీసుకుని చక్రాలు, బరువు, ట్రక్‌లు, కప్లర్లు అన్నీ పూర్తిచేసి, రైలు మధ్యలో తగిలించి, ముందుకూ వెనక్కీ యాభై చుట్లు తిప్పండి. అది నిలిస్తే రెండోది. వాటిని కాటా మీద పెట్టి చూశాక ఏది ఎంత బరువుందో, కప్లర్లు ట్రక్‌కు ఉన్నాయో పెట్టెకు ఉన్నాయో ఇక్కడే రాయండి. ఏ క్రమంలో చేస్తే తొందరగా తెములుతుందో అప్పుడు చెప్పగలను.